ముందే చేసుకున్న పండగ

నవంబర్ 24, సోమవారం

బస్సు కిటికీకి అద్దం లేదు. ఆదోని దాటేదాకా గాలిలో దూది, దాటాక గాలిలో చలి. బడికి చేరేసరికి చెవులు ఉన్నాయో లేదో తడుముకోవలసి వచ్చింది.

హెచ్.ఎం. సార్ పిలిచాడు. చలికాలం పండగల మీద పిల్లలతో కార్యక్రమం చేయించాలట. ఏ పండగ ఎందుకు చేస్తారు, దాని వెనక అర్థమేమిటి — పిల్లలే ఇంట్లో అడిగి తెలుసుకుని, పిల్లలే చెప్పాలి. వచ్చే నెల ఇరవై మూడున. క్రిస్మస్ ముందు, సంక్రాంతి సెలవుల ముందు, అందరికీ కలిపి ఒకటే.

"మీరే చేయించండి మేడమ్. ఈ నెలల్లో మీ పండగ ఏదీ లేదు కదా. ఏ పక్షమూ ఉండదు."

నిజమే. పండగ లేనిదాన్ని కాబట్టి పండగల పంతులమ్మనయ్యాను. నవ్వొచ్చింది. ఆయన ముందు నవ్వలేదు.

నవంబర్ 25

చలి. అమ్మీ ఉన్ని శాలువా తీసి ఇచ్చింది. కలరా ఉండల వాసన. దినమంతా పిల్లలు ముక్కులు మూసుకున్నారు.

నవంబర్ 27, గురువారం

ఐదో తరగతికి పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రండి — గొబ్బెమ్మలెందుకు, భోగి మంట ఎందుకు, గుమ్మానికి నక్షత్రం ఎందుకు. ఎట్లా చేయాలో వద్దు. ఎందుకో కావాలి.

"ఎందుకో తెలీదంటే టీచర్?"

తెలీదన్నారని వచ్చి చెప్పండి.

నవంబర్ 28

చెప్పారు.

నాగవేణి మొదట లేచింది. ఆ పిల్ల ఎప్పుడూ మొదటే లేస్తుంది. "మా జేజి తిట్టినాది టీచర్. 'ఎందుకు అని అడిగేకి పంపిస్తాండామా నిన్ను బడికి? పో, పేడ ఎత్తుకోని రా' అన్నాది." క్లాసంతా పడి పడి నవ్వారు. పేడ తెచ్చావా అని అడిగాను. తెచ్చిందట.

భోగి మంట చలి పోయేకి అని ఒకరు, పాతవన్నీ కాల్చేకి అని ఇంకొకరు. వెనక వరసలో ఈరన్న, ఎప్పుడూ నోరు విప్పనివాడు — "మా ఇంట్లో అన్నీ పాతవే టీచర్. ఏది కాల్చాల?" ఈసారి ఎవరూ నవ్వలేదు.  మంచి ప్రశ్న అన్నాను. టీచర్లకు ఆ మాట ఒకటుంది, బతికిపోతాం.

చివర సువార్త. లేచి నిలబడి, జడ చివర పట్టుకుని. "నక్షత్రం ఎందుకంటే, ఈ ఇంట్లో మనుషులుండారని దారిన పోయేటోళ్ళకు తెలిసేకంట. మా అవ్వ సెప్పినాది."

జ్ఞానులకు దారి చూపించింది కదా, అందుకని కాదా అన్నాను.

"అది సండే స్కూల్లో సెప్పినారు. ఇది మా అవ్వ సెప్పినాది."

రెండూ ఉంచుకోమన్నాను.

నవంబర్ 29

క్రిస్మస్ కథ సొంత మాటల్లో చెప్పమన్నాను సువార్తను, కార్యక్రమం కోసం. తడబడకుండా చెప్పింది.

మరియమ్మ, యోసేపు ఊరు విడిచి పోయారు, పేర్లు రాయించుకోవడానికి. ఆడ ఎవరూ ఇల్లు ఇయ్యలేదు. "ఇయ్యరు టీచర్. తెలియని ఊర్లో ఎవరూ ఇయ్యరు. పసుల కొట్టంలో పండుకున్నారు. పసుల కొట్టంలో సలి ఉండదు, పసులు ఊపిరి ఇడుస్తాయి గదా, ఎచ్చగుంటాది. దోమలే శానా. మేము పోయినేడు అట్లనే పండుకుంటిమి."

కథ ఎక్కడ ఆగిందో, ఆ పిల్ల ఎక్కడ మొదలైందో తెలీలేదు. మిగతా పిల్లలకు ఇందులో వింత ఏమీ కనబడలేదు. చాలామంది అట్లాగే పడుకున్నవాళ్ళు.

డిసెంబర్ 1, సోమవారం

సుగ్గి మొదలైంది, ఊళ్ళు ఖాళీ చేసి కూలికి వలస పోయే కాలం. పొద్దున బస్సుకు ఎదురుగా లారీలు — మనుషులు, మూటలు, పొయ్యిలోకి కట్టెలు, గంప కింద కోళ్ళు. గుంటూరు వైపు మిరపకాయలు కోసేందుకు. మళ్ళీ ఎండలు ముదిరాకే రావడం. లారీ మీద నుంచి మా నాలుగో తరగతి పిల్లలు చేతులు ఊపారు. నేనూ ఊపాను. ఇంకేం చేస్తాను.

సువార్త వాళ్ళు పోలేదు. నాయిన ముందే పోయి అక్కడున్నాడు. మిగిలినవాళ్ళు క్రిస్మస్ కాకుండా గడప దాటకూడదని అవ్వ పట్టు. దీనమ్మవ్వ మాట ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ దాటలేదు, కొడుకు కూడా ఆమె ఒప్పుకున్నాకే పోయాడు.

మధ్యాహ్నం సువార్త వాళ్ళమ్మ రూతమ్మ బడి గేటు దగ్గరికి వచ్చింది. హాస్టల్ సంగతి అడగడానికి. సుగ్గికి పోయేవాళ్ళ పిల్లల కోసం బడిలోనే హాస్టల్ — ఏటా అంటారు, ఏటా ఆలస్యం.

"తెరిస్తే పాపను ఇడిసిపెట్టి పోతాను టీచరమ్మా. ఈసారి మా అత్త గూడా వస్తాండాది, సిన్నోన్ని సూసుకునేకి. ఇంట్లో ఎవరూ ఉండరు. తెరవకపోతే ఎట్లిడిసేది?"

క్రిస్మస్ లోపల తెరుస్తారు రూతమ్మా, నాది పూచీ అన్నాను. పూచీ అనే మాట ఎందుకు వాడానో.

పోయినేడు సువార్త తిరిగి వచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి. చదవడం సగం మరిచిపోయి వచ్చింది. ఇప్పుడు ఐదు. ఇక్కడ ఆఖరు. ఈసారి పోతే ఆరో తరగతికి ఇంకో బడి గుమ్మం తొక్కుతుందనే నమ్మకం నాకు లేదు. ఆ వరసలో పోయిన ఆడపిల్లలను చూశాను. పెళ్ళిపత్రికల్లో మళ్ళీ కనబడతారు.

అంటే సంగతి ఇంతే: పండగకు ముందు హాస్టల్ వస్తే పిల్ల ఉంటుంది. లేకుంటే పోతుంది. దీనమ్మవ్వ పట్టు ఒకటే నాకు దిక్కు.

డిసెంబర్ 3, బుధవారం

నాగవేణి: "టీచర్, మీ పండగ సలికాలంలో రాదా?"

చెప్పాను. మా పండగలు నెలవంకను బట్టి. ఏడాదికి కొంచెం కొంచెం ముందుకు వస్తాయి, ఎండలోకి వానలోకి చలిలోకి అన్నిట్లోకీ తిరుగుతాయి. నా చిన్నప్పుడు రంజాన్ ఇట్లాంటి చలిలోనే వచ్చేది. తెల్లవారకముందు లేపేది అమ్మీ. దుప్పటి కప్పుకునే కూర్చుని తినేదాన్ని, ఖిచిడీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు వెచ్చగా ఉండేవి. తర్వాత అదే రంజాన్ మండుటెండల్లో. ఉమ్మి మింగడానికి కూడా ఉండదు గొంతులో.

సువార్త చేయి ఎత్తింది. "అట్లయితే ఏది నిజం పండగ టీచర్? సలిలో వచ్చినదా, ఎండలో వచ్చినదా?"

రెండూ అన్నాను. తేదీలో ఏముంది? ఎందుకు చేస్తున్నామో మనసులో ఉంటే ఏ దినం చేసినా పండగే.

బోర్డు మీద కూడా రాశాను. పిల్లలు చూసి రాసుకున్నారు. ఇన్ని రోజులకు ఒక మంచి పాఠం చెప్పాననిపించింది. బస్సులో కూడా అదే అనుకుంటూ వచ్చాను, అమ్మీకి కూడా చెప్పాను. అమ్మీ బియ్యంలో రాళ్ళు ఏరుతూ "ఊఁ" అంది.

డిసెంబర్ 5

బస్టాపు దగ్గర మేస్త్రి. కూలీలను గుంటూరు తీసుకుపోయే మనిషి. ఫోన్‌లో అరుస్తున్నాడు. ముందు పోయినోళ్ళకే మంచి తోట, ఆలస్యమైతే వంగి వంగి ఏరుకోవాల్సిందే, కాయ ఉండదు.

ఎవరితోనో అనుకున్నాను.

డిసెంబర్ 6

హాస్టల్ సంగతి ఏమీ లేదు.

డిసెంబర్ 8, సోమవారం

సువార్త తలుపు దగ్గరే నిలబడి ఉంది, నాకోసం. ముఖమంతా నవ్వు.

"టీచర్, మా ఇంట్లో క్రిస్మస్ వచ్చే ఆదివారమే! మీరు రావాల."

ఆదివారమా? ఇరవై అయిదు కదా?

"మీరు సెప్పినారు గదా. ఏ దినం సేసినా పండగే అని. నేను ఇంట్లో సెప్తే మా అమ్మ మా అవ్వకు సెప్పినాది. మా అవ్వ ఒప్పుకోలే. నిన్న ఒప్పుకున్నాది. పండగ సేసుకోని సోమారం పోతాము."

 పోయి కూర్చో అన్నాను.

హాజరు పిలిచాను. లెక్కలు చెప్పాను. రాగిజావ పోసే దగ్గర నిలబడ్డాను. బోర్డు మీద ఆ వాక్యం ఇంకా అట్లాగే ఉంది, ఎవరూ తుడవలేదు, కింద మూల తేదీతో సహా. నేనే తుడిచాను. తుడిస్తే ఏమవుతుంది, అందరి నోట్సుల్లోనూ ఉంది.

నా మీద నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరుకోలేని నోరు.

డిసెంబర్ 9

బడి వదిలాక వాళ్ళింటికి పోయాను. రూతమ్మ గోడకు సున్నం వేస్తోంది. పండగ సున్నం. దీనమ్మవ్వ గడప మీద కూర్చుని వెదురు బద్దలు చీలుస్తోంది, నక్షత్రానికి.

అవ్వా, నేను చెప్పింది మా పండగల సంగతి అన్నాను. మీది తేదీ ఉన్న పండగ. ఇరవై అయిదునే చేయాలి.

"అట్లని యాడ రాసిండాది?"

లోకమంతా ఆ రోజే కదా అవ్వా.

"నేనూ అదే అంటిని. పాస్టరయ్యను పిలిపిస్తిని. యేసయ్య యా దినం పుట్టినాడో ఎవరికీ తెలీదంట. పెద్దోళ్ళు ఒక దినం పెట్టుకున్నారంట, అంతే. నువ్వు సెప్పిన మాటే ఆయనా సెప్పె." కత్తి ఆపి నన్ను చూసింది. "సదువుకున్నోళ్ళు ఇద్దరు ఒకే మాట సెప్తాండారు. ఇంగ నేను ముసిల్దాన్ని, కాదనేకి ఏముండాది?"

రూతమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. నెమ్మదిగానే అంది: "ముందు పోతేనే తోట దొరికేది టీచరమ్మా. పోయినేడు పండగ సేసుకోని పోతిమి. కాయంతా అయిపోయిండె. ఈసారి మీ పున్యాన ముందే పోతాండాము."

నా పుణ్యం.

హాస్టల్ వచ్చేదాకా ఆగమన్నాను. ఎప్పుడొస్తుందని అడిగింది. తెలీదన్నాను. తెలీదనే మాట ఇప్పుడు చెప్పడం వచ్చింది నాకు.

అంతవరకు పాపను మా ఇంట్లో ఉంచుకుంటాను — ఈ మాట గొంతు దాకా వచ్చింది. ఆదోనిలో మాది రెండు గదులు. అమ్మీ మోకాళ్ళు. ఊరివాళ్ళు ఏమంటారో, వీళ్ళేమంటారో, నమాజు ఇంట్లో ప్రార్థన పిల్ల. ఇంకా ఏవేవో. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. టీ ఇచ్చారు, తాగాను. వచ్చేశాను.

డిసెంబర్ 11, గురువారం

ఎమ్మిగనూరులో మీటింగ్. హాస్టల్ గురించి అడిగాను. ఫైలు పైకి పోయిందట. ఎంత పైకి?

బజారులో రంగు కాగితాలు కొన్నాను. సందులో మగ్గాల చప్పుడు. ఎర్ర కాగితం ఎక్కువ తీసుకున్నాను, సువార్త ఎరుపు అడిగింది.

డిసెంబర్ 12

కార్యక్రమంలో సువార్త భాగం నాగవేణికి ఇచ్చాను. సువార్తే నేర్పిస్తోంది, వేపచెట్టు కింద నిలబెట్టి.

"సేతులు కట్టుకోకుండా సెప్పాల. 'జ్ఞానులు దూరం నుంచి నడిసి వచ్చిరి.' నడిసి అని గట్టిగా అను."

పసుల కొట్టం దగ్గర ఆపి, నాకు వినబడదనుకుని మెల్లగా — "మేము పండుకున్నది సెప్పొద్దు. అది మాది."

నాగవేణి తల ఊపింది. అంత బుద్ధిగా నా మాటకు ఎప్పుడూ తల ఊపలేదు.

డిసెంబర్ 14, ఆదివారం

పోకూడదనుకున్నాను. అమ్మీ ఊరుకోలేదు. "నీ మాట మీద పండగ చేస్తాండారు, నువ్వే పోకుంటే ఎట్ల బేటీ?" పండగింటికి ఉత్త చేతులతో పోకూడదని పాలూ సేమియా పోసి షీర్ ఖుర్మా చేసి క్యారియర్‌లో పోసిచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాను.

ఇల్లు తెల్లగా మెరుస్తోంది. ఆ వీధిలో అదొక్కటే. గుమ్మానికి ఎర్ర కాగితం నక్షత్రం. సువార్త కొత్త గౌను, తమ్ముడికి కొత్త చొక్కా, మెడ దగ్గర గుండుసూది తీయడం మరిచిపోయారు. పాస్టరయ్య చిన్న ప్రార్థన చేసి తొందరగా పోయాడు, ఇంకెక్కడో పనుందట. పాట ఎత్తారు. ఇంట్లో వాళ్ళే, ఇద్దరు ముగ్గురు పక్కింటి ఆడవాళ్ళు. క్రిస్మస్‌కు వీధంతా కలిసి పాడే పాట అది; కొంతమందితో పాడేసరికి మధ్యమధ్య ఊపిరి అందక ఆగింది.

దారిన పోయే మగమనిషి ఒకడు — "ఏందవ్వా, తేదీ మర్సిపోయినావా?"

అవ్వ కూర దించడానికి లోపలికి పోయింది.

కోడికూర, అన్నం. షీర్ ఖుర్మా సువార్త పిల్లలందరికీ గ్లాసుల్లో పోసింది, ఇది మా టీచర్ వాళ్ళ పండగది అని చెప్పి మరీ. పొద్దు వాలాక నక్షత్రంలో బల్బు వెలిగించారు. పిల్లలు అరిచారు. అప్పుడు కొంచెం పండగలా ఉంది.

నేను లేచేటప్పుడు అవ్వ అంది: "దింపుబ్బా దాన్ని."

రూతమ్మ: "ఉండనీ అత్తా. ఉంటే ఏమాయ? పండగ దాకా ఉండనీ."

"పొద్దున పోతాండాము గదా. మనుషులు లేని ఇంటికి కడితే అబద్ధమైతాది. ఎవరన్నా సూసి తలుపు కొడతారు."

రూతమ్మ స్టూలు ఎక్కి దింపింది. మూటల్లో చోటు లేదు, నలిగిపోతుంది. సువార్త కాసేపు పట్టుకుని నిలబడి, నా చేతికిచ్చింది. "కార్యక్రమానికి కట్టండి టీచర్."

బస్సులో పోయేటప్పుడు క్యారియర్, వచ్చేటప్పుడు నక్షత్రం. కండక్టర్ దానికి సీటు ఇప్పించాడు.

డిసెంబర్ 15

బండి తెల్లవారుతూనే పోయిందట. నాగవేణి చెప్పింది. "సువార్త ఏడవలే టీచర్. వాళ్ళవ్వ ముందల కూర్చున్నాది, వెనక్కి సూడలే."

హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర ఆగాను.  తర్వాతి పేరు పిలిచాను.

డిసెంబర్ 17

రూతమ్మ ఫోన్ స్విచ్ ఆఫ్.

డిసెంబర్ 19, శుక్రవారం

హాస్టల్ వచ్చింది. సోమవారం నుంచి.

హెచ్.ఎం. సార్ కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "చూశారా మేడమ్, పండగకు ముందే! మీరు అనవసరంగా కంగారు పడ్డారు."

ఆయన తప్పేముంది. నేను అడిగింది అదే, పండగకు ముందే రావాలని. వచ్చింది. అవ్వను అవ్వ మానాన వదిలేసి ఉంటే ఇవాళ సువార్త ఈ వరండాలో పెట్టె దింపుకునేది.

ఫోన్ స్విచ్ ఆఫ్.

డిసెంబర్ 20

స్విచ్ ఆఫ్. ఏడుపొచ్చింది, బాత్‌రూమ్‌లో. అమ్మీకి జలుబన్నాను.

డిసెంబర్ 22

హాస్టల్ తెరిచారు. ట్రంకు పెట్టెలు, చాపలు. ఈరన్న చేరాడు; వాళ్ళ అమ్మానాయిన రేపు సుగ్గికి పోతున్నారు. కిటికీ పక్క చోటు చూపించి అడిగాడు: "ఇది సువార్తకా టీచర్?"

ఉండనీ అన్నాను.

డిసెంబర్ 23, మంగళవారం

కార్యక్రమం బాగా జరిగింది. అందరూ బాగుందన్నారు కాబట్టి.

గొబ్బెమ్మలకు నాగవేణి వాళ్ళ జేజినే పిలిపించాను. పిల్లలు ఎందుకు ఎందుకు అని అడుగుతుంటే ముందు కసురుకుంది. తర్వాత మైకు చేతికి వచ్చేసరికి — "మా అమ్మ పెడ్తాండె. అందుకే నేను పెడ్తాను. పెట్టేటప్పుడు మా అమ్మ గుర్తొస్తాది. ఇంగేం గావాల మీకు?" అందరికంటే మంచి జవాబు ఆమెదే. చప్పట్లు కొట్టారు. ఆమె భయపడి మైకు నాకిచ్చేసింది.

సువార్త భాగం నాగవేణి చెప్పింది. నడిసి అని గట్టిగా అంది. పసుల కొట్టం దగ్గర ఆగింది, నన్ను చూసింది, దాటేసింది.

వచ్చిన అతిథి అడిగాడు, పాపా, మరి నక్షత్రం ఎందుకు కడతారు?

"ఈ ఇంట్లో మనుషులుండారని తెలిసేకి."

ఆయన నవ్వి, అట్లా కాదు పాపా, జ్ఞానులకు దారి చూపించడానికి అని సరిదిద్దాడు. నాగవేణి ఒప్పుకోలేదు. "అది గూడా సార్. రెండూ."

నక్షత్రం క్లాసు తలుపుకు కట్టాం. సాయంత్రం విప్పాను. రేపటి నుంచి క్రిస్మస్ సెలవులు, ఆ గదిలో ఎవరుంటారు? సంచిలో పట్టలేదు, చేతిలో పట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మీ బీరువా మీద పెట్టింది.

డిసెంబర్ 25, గురువారం

సెలవు. బట్టలు ఉతికాను. పై వీధి చర్చి మైకులో పాటలు, పొద్దుటి నుంచి.

మధ్యాహ్నం తెలియని నంబరు. సువార్త.

"టీచర్, నేను. మేస్త్రి మామ ఫోన్ టీచర్. బాగుండారా?"

బాగున్నాను, నువ్వో? తిన్నావా? చదువుకుంటున్నావా? అన్నీ ఒకేసారి అడిగాను. తిన్నదట. పుస్తకం మూటలోనే ఉందట. కాయ బాగుందట, చేతులు మండుతున్నాయట.

"టీచర్, ఈడ ఈ పొద్దు పండగంట. ఊర్లో గంటలు కొడతాండారు. అందరూ కొత్త గుడ్డలు ఏసుకోని తోట పక్కనుంచి పోతాండారు. మాకు పనుండాది."

ఊఁ అన్నాను.

"మేము సేసుకుంటిమి గదా. మాదీ పండగే గదా టీచర్?"

అవును. మీదీ పండగే.

 ఎవరో పిలుస్తున్నారు దాన్ని. అప్పుడడిగింది:

"మరి అవ్వ ఎందుకు ఏడుస్తాండాది?"

ఫోన్ కట్ అయింది.  

డిసెంబర్ 26

పొద్దున అమ్మీకి అంతా చెప్పాను. మొదటి నుంచి. గొంతు దాకా వచ్చి ఆగిన మాట కూడా.

అమ్మీ మోకాలికి నూనె రాసుకుంటోంది. రాసుకోవడం ఆపింది. "నా మోకాళ్ళకూ ఆ పిల్లకూ ఏం సంబంధం? అడిగినావా నన్ను?"

లేదు.

"రెండు గదుల్లో మేము పెద్ద సంసారమే పెరిగితిమి." మళ్ళీ రాసుకుంది. "ఫోన్ చేయి."

మేస్త్రి నంబరుకు చేశాను. ఎత్తాడు. రూతమ్మ వాళ్ళను వేరే తోటకు పంపినారట, దూరం, వారానికోసారి పోతాడట. నిదానంగా, ఒక్కో మాట విడిగా చెప్పాను: హాస్టల్ తెరిచినారని చెప్పప్పా. సువార్తను పంపియ్యమను. హాస్టల్ వద్దనుకుంటే టీచర్ ఇల్లుండాది, ఆదోనిలో, టీచర్ వాళ్ళమ్మ గూడా ఉండాది అను. బండి నువ్వు ఎక్కిచ్చు, దింపుకునేకి నేను వస్తా.

"సెప్తాలే మేడమ్."

ఏం చెప్తావో ఒకసారి చెప్పు అన్నాను, క్లాసులో అడిగినట్టు. నవ్వాడు. సగం చెప్పాడు. మళ్ళీ చెప్పించాను.

డిసెంబర్ 28, ఆదివారం

ఫోన్ రాలేదు.

అమ్మీ బీరువా దులుపుతూ నక్షత్రం కిందికి తీసింది. ఒక కొమ్ము కాగితం చిరిగింది. దీన్ని ఏం చేద్దామని అడిగింది. మైదా జిగురుతో అతికించాను. ఆరాక వీధి వైపు కిటికీకి కట్టాను. వైరు అందలేదు, అమ్మీ తన టేబుల్ ఫ్యాను తీసేసి ప్లగ్ ఇచ్చింది.

పొద్దు వాలింది, వెలిగించాను. ఎదురింటి ఖాలా గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఏందే ఇది? పండగ అయిపోయె గదా. మీదీ గాదు గదా."

నేను ఏమని చెప్పాలా అనుకునే లోపల అమ్మీ లోపలి నుంచే కేకేసింది — "ఇంట్లో మనుషులుండాము. తెలియాలని."

ఖాలా ఇంకేదో అడిగింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. ఏమీ రాలేదు. బల్బు తీయలేదు.